జిల్లా దవాఖానల రీసెర్చ్ ఎవరి కోసం? ప్లాన్ ఎవరిది, పైసలు ఎక్కడియి?

హైవే65
మా అమ్మకు మోకాళ్ల నొప్పులు. నిరుడు ఎండాకాలం జిల్లా పెద్దదవాఖానకు తీస్కపోయిన. (ఏ జిల్లా, ఏ దవాఖాన అని అడగకుండ్రి, మా చుట్టాలు అండ్ల పనిచేస్తరు.) ఓపీల చూసినంక ఒక చిన్న డాక్టరమ్మ వచ్చి "అమ్మా, మేము ఒక స్టడీ చేస్తున్నం, మీరు ఒప్పుకుంటరా" అనడిగింది. మంచిగనే మాట్లాడింది. నాలుగు పేజీల కాగితం, కింద ఏలిముద్ర. ఏ నీళ్లు తాగుతరు, ఎన్నేండ్లు బోరు నీళ్లు తాగిండ్రు, జొన్నరొట్టె తింటరా, అన్నీ అడిగింది. మామూలు టెస్టులకు తీసిన రక్తం కాక ఇంకో సీసా తీసింది. "రిపోర్ట్ ఫోన్ చేసి చెప్తం" అన్నరు. ఇప్పటిదాక ఫోన్ లేదు. మొన్న మందులకు పోయి అడిగితే ఆ మేడం కోర్సు అయిపోయి పోయిందట. పై అంతస్తుల "పరిశోధన విభాగం" అని బోర్డున్నది. తలుపుకు తాళమున్నది.

రక్తం పోతే పోయింది. ఇసొంటి స్టడీలు ఎవరు అనుకుంటరు, ఎవరు పైసలిస్తరు, తేలిందేందో ఎవరికి చెప్తరు? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

జొన్నరొట్టె
ఆ తాళం మీద గూడ ఒక థీసిస్ రాయొచ్చు. "దక్షిణ తెలంగాణలో తాళాల తుప్పు, ఒక పరిశీలన."

పీజీ_గోస
ఆ డాక్టరమ్మ లాంటిదాన్నే నేనూ, కాబట్టి చెప్తాను. ఎండీ, ఎంఎస్ చేసే ప్రతి ఒక్కరికీ థీసిస్ తప్పనిసరి. చేరిన కొద్ది నెలలకే సినాప్సిస్, అంటే ఏం చేయబోతున్నామో చెప్పే ప్లాన్ రాసి, రోగులకు అన్యాయం జరగకుండా చూసే కాలేజీ ఎథిక్స్ కమిటీ దగ్గర పాస్ చేయించుకుని, కాళోజీ హెల్త్ యూనివర్సిటీకి పంపాలి. టాపిక్ ఎట్లా పుడుతుందో వింటే నవ్వుతారు. గైడ్ గారు పాత లిస్టు తీసి "పోయిన బ్యాచ్ షుగర్ ఉన్నవాళ్ల మీద చేసింది, నువ్వు షుగర్ లేనివాళ్ల మీద చెయ్" అంటారు. అయిపోయింది, అదే ప్లానింగ్.

ఖర్చు మాదే. ఆసుపత్రి ల్యాబ్‌లో లేని పరీక్ష అయితే కిట్లు మా స్టైపెండ్‌తో కొనాలి. రోగి దగ్గర పైసా తీసుకోకూడదు, అది సరైన నియమమే. రోజంతా ఓపీ, వార్డు, వంతు వచ్చినప్పుడు క్యాజువాలిటీ. మధ్యలో దొరికిన పది నిమిషాల్లో ప్రొఫార్మా నింపుతాం. మూడేళ్లు కాగానే వెళ్లిపోతాం. అప్పుడు ఆ డేటా ఎక్కడుంటుందో తెలుసా? పెన్‌డ్రైవ్‌లో. పెన్‌డ్రైవ్ మా బ్యాగులో. బైండ్ చేసిన పుస్తకం ఒక్కటి డిపార్ట్‌మెంట్ బీరువాలో.

రిపోర్ట్ చెప్తానని చెప్పకపోవడం మాత్రం ఆమె తప్పే. దానికి సాకు లేదు.

మూసీ_గాలి
అంటే మా అమ్మలు, నాయనలు మీ డిగ్రీకి ముడిసరుకు. ఉన్నమాట ఒప్పుకున్నందుకు సంతోషం.

పీజీ_గోస
@మూసీ_గాలి ముడిసరుకు అనకండి అన్నా. పరీక్ష పాసయ్యేది నేను, మందు రాసేది కూడా నేనే. థీసిస్ కోసం అడిగిన ప్రశ్నల వల్లే కొందరికి థైరాయిడ్ బయటపడింది.

మర్రిగూడ_మల్లన్న
నీళ్లు, జొన్నరొట్టె అని చదవంగనే నాకు సమజైంది. ఫ్లోరైడ్ నీళ్ల ముచ్చట, మా నల్లగొండ మీద చానా రీసెర్చ్ జరిగింది. 1970లల్ల హైదరాబాద్ ఎన్ఐఎన్ (పోషకాహార సంస్థ) సైంటిస్టులు మా దిక్కు పోరగాళ్లను చూసి, మోకాళ్లు లోపలికి వంగే రోగం గురించి 1973ల లాన్సెట్ అనే పెద్ద డాక్టర్ల పత్రికల రాసిండ్రు. జొన్నలు తినేటోళ్ల మీద ఫ్లోరైడ్ దెబ్బ ఎక్కువ పడుతుందా అని కూడా ఆ కాలంలనే చూసిండ్రు. నాగపూర్ నీరి (పర్యావరణ పరిశోధన సంస్థ) వాళ్లు పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టి దానికి పేరే "నల్లగొండ టెక్నిక్" అని పెట్టిండ్రు. ప్రపంచమంతా పుస్తకాలల్ల ఉంటది ఆ పేరు. మా ఊర్ల ఏమైంది? రోజూ కొలత పెట్టి పటిక కలపాలె, తేర్చాలె, అడుగున మిగిలిన బురద ఎక్కడనో పారబొయ్యాలె. కూలికి పొయ్యే ఆడమనిషి ఇది చేస్తదా? బకీట్లు మూలకు పడ్డయి.

ఎన్ని పేపర్లు వచ్చినా సర్కారు కదలలె. 1996ల పార్లమెంట్ ఎలక్షన్ల ఫ్లోరైడ్ గోస దేశానికి తెల్వాలని నిరసనగ నల్లగొండ సీటుకు 480 మంది పోటీకి నిలబడ్డరు, బ్యాలెట్ పుస్తకమంత అయింది. అప్పుడు ఢిల్లీకి తెలిసింది ఇక్కడ నీళ్లు విషమని. రీసెర్చ్ చేసినోళ్లకు పేరు, మాకు వంకర కాళ్లు.

స్టాట్స్_సారు
మల్లన్నా, మీ కోపం న్యాయమే, కానీ ఒక్క మాట. ఆ 480 మంది ఏ లెక్క చేతిలో పట్టుకుని మాట్లాడారు? లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం, మా ఊళ్లో అంతకు ఎన్నో రెట్లు ఉంది అని. ఆ లెక్క తీసింది పరిశోధకులే. కొలవని బాధకు ఏ ఆఫీసులోనూ ఫైలు ఉండదు.

మర్రిగూడ_మల్లన్న
కొలిచినంక ముప్పై ఏండ్లు ఫైలే ఉన్నది సారూ. నీళ్లు రాలె.

స్టాట్స్_సారు
అది ఒప్పుకుంటాను. అయితే ఆ పనంతా ఎన్ఐఎన్, నీరి లాంటి పరిశోధనా సంస్థలది, అంటే బయటివాళ్లు వచ్చి కొలిచి వెళ్లారు. జిల్లాలో ఉన్న ఆసుపత్రి తనంతట తాను ఏం చేసింది అన్నది హైవే65 గారి ప్రశ్న. దానికి వస్తాను.

అప్పట్లో జిల్లాలో సర్కారు మెడికల్ కాలేజీయే లేదు. నార్కట్‌పల్లిలో, మహబూబ్‌నగర్‌లో ప్రైవేటు కాలేజీలు 1999లో వచ్చాయి. సర్కారువి మహబూబ్‌నగర్‌కు 2016లో, నల్లగొండ, సూర్యాపేటలకు 2019లో. అదే ఏడాది బీబీనగర్ ఎయిమ్స్‌లో మొదటి బ్యాచ్ చేరింది. నాగర్‌కర్నూల్, వనపర్తి ఇంకా తర్వాత. బోధనాసుపత్రి అయ్యాక ఎథిక్స్ కమిటీ, పరిశోధన కమిటీ అన్నీ కాగితం మీద పుడతాయి. మనుషులు మాత్రం అంత తొందరగా పుట్టరు.

ఢిల్లీ నుంచి దారులు ఉన్నాయి. డిపార్ట్‌మెంట్ ఆఫ్ హెల్త్ రీసెర్చ్ వాళ్లు సర్కారు మెడికల్ కాలేజీల్లో మల్టీ డిసిప్లినరీ రీసెర్చ్ యూనిట్లు పెట్టే పథకం నడుపుతున్నారు. యంత్రాలకు, కాంట్రాక్టు సైంటిస్టులకు వాళ్లు డబ్బిస్తారు, జాగా కాలేజీ ఇవ్వాలి. కేంద్ర వైద్య పరిశోధన మండలి, అదే ఐసీఎంఆర్, ప్రాజెక్టులిస్తుంది. ఎంబీబీఎస్ పిల్లలకు కూడా ఎస్‌టీఎస్ అని రెండు నెలల చిన్న ప్రాజెక్టు ఉంది, 1979 నుంచీ నడుస్తోంది. కానీ అప్లికేషన్ రాసేదెవరు? కొనుగోళ్లు, ఖాతా, ఏడాది చివర డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే యుటిలైజేషన్ సర్టిఫికెట్ (యూసీ) చూసే గుమస్తా ఎవరు? ఆ ఒక్క మనిషి లేకనే చాలా చోట్ల తాళాలు పడతాయి.

గుమస్తా_గారు
యూసీ మాట ఎత్తిండ్రు, ఇగ నేను చెప్పాలె. గ్రాంట్ వచ్చేది ఆర్థిక సంవత్సరం సగం పోయినంక. టెండర్ పిలిచి, కొటేషన్లు తీసి, సర్కారు కొనుగోళ్ల జెమ్ పోర్టల్ల పెట్టేవరకు మార్చి. ఖర్చు కాకపోతే యూసీ పోదు, యూసీ పోకపోతే వచ్చే కిస్తు రాదు. నడిమిట్ల ప్రొఫెసర్ సారుకు ట్రాన్స్‌ఫర్. కొత్తగ వచ్చిన సారు "నా పేరు మీద లేని ప్రాజెక్టుకు నేనెందుకు సంతకం పెట్టాలె" అంటడు. ఆయన మాట గూడ తీసెయ్యలేం.

జొన్నరొట్టె
గుమస్తా గారు ఒక్క పేరాల దేశం కథ చెప్పిండు.

పాలమూరు_బస్సు
అందరు సర్కారును తిడుతున్నరు గని, మా పాలమూరుల మంచి నడిచిన కథ ఒకటున్నది. ఎల్‌వీ ప్రసాద్ కంటి దవాఖానోళ్లు 1996 నుంచి 2000 దాక ఆంధ్రప్రదేశ్ ఐ డిసీజ్ స్టడీ చేసిండ్రు. హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మా మహబూబ్‌నగర్. మొత్తం 10,293 మందిని చూసిండ్రు. గుడ్డితనానికి కారణమేంది, ఎంతమందికి ఉత్త అద్దాలు పెడితే సరిపోతది అని లెక్క తేలింది. ఆ లెక్క చూసుకుని ఊర్లల్ల కంటి కేంద్రాలు పెట్టుకుంట పోయిండ్రు. ఏండ్ల తర్వాత ఆ పల్లెలకే మల్ల వచ్చి చూసిండ్రు. మా పెదనాయనకు అట్లనే మోతెబిందు ఆపరేషన్ అయింది. రీసెర్చోళ్లు వచ్చిండ్రని ఆయనకు తెల్వదు, కండ్లద్దాలోళ్లు వచ్చిండ్రని తెలుసు.

మూసీ_గాలి
దాతలు పైసలిచ్చే ట్రస్టు దవాఖానకూ జీతాలకే బడ్జెట్ చాలని దవాఖానకూ పోలికేంది?

పాలమూరు_బస్సు
పైసల ముచ్చట కాదన్నా. వాళ్లు ఊరికి వచ్చేముందే అనుకున్నరు, లెక్క తేలినంక ఏం చెయ్యాలెనో. మనకాడ ముందు కాగితం, ఎనక ఆలోచన.

సైట్_కోఆర్డినేటర్
హైదరాబాద్‌లో కార్పొరేట్ ఆసుపత్రిలో క్లినికల్ ట్రయల్స్ చూస్తాను, ఊరు మిర్యాలగూడ. మా దగ్గర ప్లానింగ్ అంతా స్పాన్సర్‌ది. మందు కంపెనీ ప్రోటోకాల్ పంపిస్తుంది, మేము "ఇట్లాంటి రోగులు మా దగ్గర నెలకు ఇంతమంది వస్తారు" అని ఫీజిబిలిటీ ఫారం నింపుతాం. కుదిరితే కంపెనీ, ఆసుపత్రి, డాక్టరు మధ్య అగ్రిమెంట్. రోగి ఒక్కొక్కరికి, ఒక్కొక్క విజిట్‌కు ఇంత అని డబ్బు, అందులో ఆసుపత్రి వాటా, రోగికి దారి ఖర్చులు. క్యూలో నిలబడేది ఉండదు, ఫోన్ చేసి పిలుస్తాం, కారు కూడా పంపిస్తాం. హైవే65 గారి అమ్మగారికి రాని ఫోన్ మా దగ్గర రోజూ వెళ్తుంది. ఎందుకంటే దానికి జీతం తీసుకునే మనిషిని నేను ఉన్నాను. అక్కడ లేరు. తేడా అంతే.

కాకపోతే మా దగ్గర తేలు కుట్టినవాళ్ల మీద, పురుగుల మందు తాగినవాళ్ల మీద ట్రయల్ రాదు. అందులో కంపెనీకి లాభం లేదు.

మూసీ_గాలి
ట్రయల్స్ అనంగనే నాకు ఖమ్మం యాదికొస్తది. 2009ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండ హెచ్‌పీవీ టీకాలు వేసిండ్రు, పిల్లలు సచ్చిపోయిండ్రని గొడవైతే 2010ల ఆపిండ్రు. హాస్టల్ వార్డెన్లు సంతకం పెడితే అది తల్లిదండ్రుల ఒప్పుకోలు అయితదా? పేదోళ్ల పిల్లలైతే ఏమన్న చెయ్యొచ్చా?

లా_పాయింట్
ఖమ్మం విషయంలో రెండు ముక్కలు విడదీయాలి. ఆ మరణాలకు టీకానే కారణమని విచారణలో తేలలేదు. కానీ ఒప్పుకోలు తీసుకున్న తీరును పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 నివేదికలో తీవ్రంగా తప్పుబట్టింది. చూసిన 9,543 ఫారాల్లో 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలే ఉన్నాయి. మూసీ_గాలి గారి కోపం ఆ రెండో ముక్క మీద అయితే నూటికి నూరు పాళ్లు సరైంది.

తర్వాత నియమాలు బిగించారు. 2019 కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం ఎథిక్స్ కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. సగం మంది ఆ సంస్థకు సంబంధం లేనివాళ్లు, అధ్యక్షులు బయటి మనిషి. ఒక న్యాయవాది, ఒక మహిళ, డాక్టరు కాని ఒక సామాన్య వ్యక్తి తప్పనిసరి. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఖర్చు, పరిహారం స్పాన్సర్‌దే. ట్రయల్ మొదలయ్యే ముందే దేశంలోని ట్రయల్స్ నమోదు చేసే సీటీఆర్ఐ వెబ్‌సైట్‌లో రిజిస్టర్ చేయాలి, 2009 నుంచి అది నిర్బంధం. ఆ వెబ్‌సైట్ ఎవరైనా చూడొచ్చు.

హైవే65 గారూ, అమ్మగారి ఫారం నకలు మీకిచ్చారా? దాని మీద ఎథిక్స్ కమిటీ ఫోన్ నంబరు ఉండాలి.

హైవే65
ఇచ్చిండ్రు, సంచిల మందుల చీటీల మధ్యన దొరికింది. సభ్య కార్యదర్శి అని ఒక ల్యాండ్‌లైన్ నంబరున్నది. రేపు చేస్త. అవునుగాని, ఆ "సామాన్య వ్యక్తి"ని ఎవరు ఎంచుకుంటరు?

లా_పాయింట్
సంస్థ హెడ్డే నియమిస్తారు. మామూలుగా రిటైర్డ్ టీచర్లు ఉంటారు.

రిటైర్డ్_తెలుగు_సారు
నేనే ఆ సామాన్యుణ్ణి. ఏ కాలేజీ అన్నది అనవసరం. మొదటి మీటింగులో నా ముందు అడుగు ఎత్తు ఫైళ్లు పెట్టారు, టీ, బిస్కెట్లు పెట్టారు. అరగంటలో అన్నింటికీ "ఆమోదం" అన్నారు. రెండో మీటింగులో నేను తెలుగు ఒప్పుకోలు పత్రం తీసి పైకి చదివాను. "యాదృచ్ఛికీకరణ పద్ధతిన కేటాయించబడును" అని ఉంది. ఇది ఏ తల్లికి అర్థమవుతుంది అని అడిగాను. రాసిన డాక్టరుగారికే అర్థం కాలేదు. "చీటీ వేసినట్టు, ఎవరికి ఏ మందు వస్తుందో ముందు తెలియదు" అని మార్పించాను. అప్పటి నుంచి పిల్లలు పత్రం ముందుగా నాకు పంపిస్తున్నారు. చెప్పుకోవడానికి చిన్నదే, కానీ మీటింగు ఇప్పుడు రెండు గంటలు పడుతోంది. బిస్కెట్లు మాత్రం పెరగలేదు.

జొన్నరొట్టె
సారుకు సమోసా మంజూరు చెయ్యాలె. ఎథిక్స్ కమిటీ ఆమోదం అవసరం లేదు.

నైట్_డ్యూటీ_సిస్టర్
అందరూ డాక్టర్లు, పైసలు, కమిటీలు అంటున్నరు. రాత్రి క్యాజువాలిటీల రిజిస్టర్ రాసేది మేము. ఎవరికి ఎన్ని గంటలకు తేలు కుట్టింది, ఎన్ని గంటలకు తెచ్చిండ్రు, ముందు ఎవరి దగ్గర మంత్రం వేయించిండ్రు, ఏ మందు డబ్బా పట్టుకొచ్చిండ్రు, అన్నీ మాకు తెలుసు. స్టడీ ప్లాన్ చేసేటప్పుడు మాత్రం ఎవ్వరు పిలువరు. పేపర్ల పేరు సంగతి అడగనే వద్దు. రిజిస్టర్ నిండితే గోనె సంచిల కట్టి స్టోర్ రూంల వేస్తరు. వానాకాలం నీళ్లు కారితే అంతే సంగతులు.

కేస్‌షీట్_కాక
సిస్టరమ్మ చెప్పింది అక్షరాల నిజం. మెడికల్ రికార్డ్స్ సెక్షన్ల పనిచేసి రిటైరైన. కేస్‌షీట్ మీద రోగం పేరు ఒక్కో డాక్టరు ఒక్కో తీరు రాస్తడు. "పాయిజనింగ్" అని రాస్తే ఏ పాయిజన్? గడ్డి మందా, పురుగుల మందా, ఎలుకల మందా? కంప్యూటర్ల ఎక్కించే పోరనికి తెల్వదు. ఆరోగ్యశ్రీ వచ్చినంకనే ఆపరేషన్ల కాగితాలు జర ఒక తీరుకొచ్చినయి, పైసలు దానితోని ముడిపడ్డయి గాబట్టి. అది 2007ల పైలట్‌గ మొదలైన మూడు జిల్లాలల్ల మన మహబూబ్‌నగర్ ఒకటి. రీసెర్చ్ సెల్‌కు ఏసీ పెట్టేముందు రికార్డు రూముకు పైకప్పు వెయ్యుండ్రి.

స్టాట్స్_సారు
కాక మాటకు నేను సంతకం పెడతాను. ఏ కొత్త కాలేజీ నన్ను పిలిచినా ఇదే చెప్తాను. పదేళ్లకు ఒక్క ప్రశ్న పెట్టుకోండి. మన దగ్గర అయితే ఫ్లోరైడ్ కావచ్చు, పురుగుల మందు కావచ్చు, వలస పోయి వచ్చే కుటుంబాల్లో టీబీ కావచ్చు. ప్రతి పీజీ థీసిస్ అందులో ఒక ముక్క కావాలి. డేటా డిపార్ట్‌మెంట్ సర్వర్‌లో ఉండాలి, పీజీ_గోస బ్యాగులో కాదు. అప్పుడు వెళ్లిపోయిన డాక్టరమ్మ చేయాల్సిన ఫోన్ కూడా ఆమె తర్వాత వచ్చినావిడ చేస్తుంది.

పీజీ_గోస
బాగుంది సార్, కానీ ప్రమోషన్లకు పేపర్లు లెక్క. పదేళ్ల స్టడీకి పేపరు ఎప్పుడొస్తుంది? అసిస్టెంట్ ప్రొఫెసర్లు తొందరగా తేలే చిన్నవాటినే ఎంచుకుంటారు. వాళ్లను తప్పు పట్టలేం.

స్టాట్స్_సారు
పెద్ద స్టడీలో నుంచి చిన్న పేపర్లు ప్రతి ఏడూ తీయొచ్చు. సోమరితనానికి ప్రమోషన్ సాకు.

పీజీ_గోస
సోమరితనం అనడం అన్యాయం సార్. ఒక రోజు మా క్యాజువాలిటీకి వచ్చి చూడండి.

మర్రిగూడ_మల్లన్న
కొట్లాడుకోకుండ్రి. సారూ, ఉత్త చేతులతోని, చిన్న ఊర్ల ఉండి ఎవరన్న పనికొచ్చే రీసెర్చ్ చేసిండ్రా? ఒక్క పేరు చెప్పుండ్రి, నమ్ముత.

స్టాట్స్_సారు
హిమ్మత్‌రావ్ బవాస్కర్. అప్పట్లో మహారాష్ట్ర కొంకణ్‌లో మహాడ్ దగ్గర ప్రైమరీ హెల్త్ సెంటర్ డాక్టరు. ఎర్ర తేలు కుట్టి పిల్లలు చనిపోతుంటే పక్కన కూర్చుని బీపీ, గుండె, ఊపిరి గంటగంటకూ రాసుకున్నాడు. రక్తపోటుకు వాడే ప్రజోసిన్ అనే చవక మాత్ర పనిచేస్తుందని 1980లలో లాన్సెట్‌లో రాశాడు. అంతకుముందు పెద్దగా ఉన్న మరణాలు బాగా పడిపోయాయి. ఆయన దగ్గర పరిశోధన విభాగం లేదు, బోర్డు లేదు. నోటు పుస్తకం ఉంది.

సైట్_కోఆర్డినేటర్
హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిది కూడా చెప్పాలి. పోలియో పిల్లలు కాళ్లకు కట్టుకునే మూడు కిలోల పైచిలుకు లోహపు కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తుంటే, అక్కడి ఎముకల డాక్టరు అబ్దుల్ కలాం గారికి చూపించారు. క్షిపణులకు వాడే తేలిక పదార్థంతో మూడొందల గ్రాములకు దించారు. వార్డులో కష్టం చూసిన డాక్టరు, తయారుచేయగల ఇంజినీరు ఒకే ఊళ్లో ఉండబట్టి అయింది.

మూసీ_గాలి
ఒక్కొక్కరి గొప్పతనం కథలు బాగనే ఉంటయి. బవాస్కర్ సారు లేని తాలూకాల తేలు కుట్టినోని గతేంది? మనిషి మీద ఆధారపడితే వ్యవస్థ ఎందుకు?

నైట్_డ్యూటీ_సిస్టర్
మా దగ్గర కూడ ఆ మాత్రనే వాడుతున్నరన్నా, తాలూకాకో బవాస్కర్ అక్కర్లేదు. సారూ, ఒకటి అడుగుత. మా రిజిస్టర్‌ల తేలు కేసులు, పాము కేసులు చానా ఉన్నయి. కుట్టిన టైముకు, మా దగ్గరకు వచ్చిన టైముకు నడుమ ఎంత ఆలస్యమైతుందో తీస్తే పనికొస్తదా? ముందు ఏ ఊరి నుంచి వస్తున్నరో తెలిస్తే ఆ పీహెచ్‌సీల మందు పెట్టుమని అడగొచ్చు.

స్టాట్స్_సారు
ఈ థ్రెడ్ మొత్తంలో ఇదే అసలైన పరిశోధన ప్రశ్న. ముందు, ఏం తేలితే ఎవరికి చెప్తారో కూడా మీరే చెప్పేశారు. పాత రిజిస్టరే కదా అని మొదలుపెట్టకండి. పాత రికార్డులకు కూడా ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు ఇవ్వాలి. పేర్లు తీసేస్తే ప్రతి రోగి సంతకం అక్కర్లేదని వాళ్లు మినహాయించవచ్చు, కానీ ఆ నిర్ణయం వాళ్లది. మీ సూపరింటెండెంట్ అనుమతి, ఒక డాక్టరు తోడు కావాలి.

పీజీ_గోస
అక్కా, ఏ ఆసుపత్రో నాకు మెసేజ్ పెట్టండి. మా జిల్లానే అయితే మా మేడంను అడుగుతాను. పేపరు వస్తే మీ పేరు లోపల థ్యాంక్స్‌లో కాదు, పైన రచయితల్లోనే ఉండాలి, అది ముందే కాగితం మీద రాసుకుందాం.

నైట్_డ్యూటీ_సిస్టర్
సరే తల్లీ, పెడుత. కాలమ్స్ ఇవి అనుకుంటున్న: పేరు, వయసు, ఆడ మగ, ఊరు, ఫోన్, కుట్టిన టైము, వచ్చిన టైము, ముందు ఎక్కడ చూపించిండ్రు, ఏం మందు, ఏమైంది.

రిటైర్డ్_తెలుగు_సారు
పేరు, ఫోన్ తీసేయమ్మా, మా కమిటీ అయితే మొదట అదే అడుగుతుంది. వరుస నంబరు చాలు. ఏ నంబరు ఎవరిదో తెలిపే చిట్టా వేరే పుస్తకంలో, బీరువాలో పెట్టి తాళం వేయాలి.

కేస్‌షీట్_కాక
"వచ్చిన టైము" అంటే ఓపీ చీటీ మీదిదా, డాక్టరు చూసినదా? రెండింటి నడుమ గంట తేడా ఉంటది. రెండు కాలమ్స్ పెట్టు బిడ్డా.